"టెన్షన్ పడకు" అనే మాట ఇక ఆపేద్దాం

మనసు బాగోలేదని ఎవరికైనా చెప్పుకుంటే ముందు వచ్చే మాట "టెన్షన్ పడకు". ఆ వెంటనే "లైట్ తీసుకో". ఈ రెండు మాటలూ ఇప్పటికి ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పినవాళ్ల మీద నాకు కోపం లేదు, అందరూ నా మేలు కోరేవాళ్లే. ఆ మాట మీద మాత్రం చాలా కోపం ఉంది. ఎందుకో ఈరోజు వివరంగా రాస్తాను.

రెండేళ్ల క్రితం ఆఫీసులో పని, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యం రెండూ ఒకేసారి మీద పడ్డాయి. రాత్రి మూడింటికి ఠక్కున మెలకువ వచ్చేది, మళ్లీ నిద్ర పట్టేది కాదు. పొద్దున లేచేసరికి దవడలు ఒకటే నొప్పి. నిద్రలో పళ్లు కొరుకుతున్నానని తర్వాత తెలిసింది. చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరిగేవి. డాక్టర్ దగ్గరికి వెళితే పరీక్షలన్నీ చేయించి, "అంతా నార్మల్‌గానే ఉందమ్మా, స్ట్రెస్ తగ్గించుకోండి" అన్నారు. ఎలా అని అడిగేలోపే తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు. తగ్గించుకోవడం తెలిస్తే ఇక్కడిదాకా ఎందుకు వస్తానని అనుకుంటూ బయటికి వచ్చాను.

ఆ "ఎలా" అన్నదానికి జవాబు నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. వెతికితే ముందు అర్థమైన సంగతి, టెన్షన్ అనేది మనం కావాలని పడేది కాదని. భయమో ఒత్తిడో కలగగానే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు క్షణాల్లో అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, రక్తంలోకి చక్కెర వచ్చి చేరుతుంది, అరుగుదల మందగిస్తుంది. కొన్ని నిమిషాలకు కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ కూడా తోడవుతుంది. ఎదురుతిరిగి పోరాడటానికో, పారిపోవడానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇదని వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వందేళ్ల క్రితమే వివరించాడు. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. చలి పెట్టినా, గాయం చేసినా, మితిమీరి పరిగెత్తించినా వాటి ఒంట్లో మార్పులు ఒకేలా వచ్చాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కడుపులో పుండ్లు పడ్డాయి. కారణం ఏదైనా శరీరం మోసే బరువు ఒకటే.

ఇంత ఏర్పాటూ పరిగెత్తడానికి జరుగుతుంటే మనం కుర్చీలోంచి కదలకుండా మెయిల్‌కి జవాబు రాస్తూ ఉంటాం. అలా కూర్చున్న మనిషితో "టెన్షన్ పడకు" అంటే ఏం లాభం? గుండె ఆ మాట వినదు, కడుపూ వినదు. పైగా ఆ మనిషికి ఇంకో బాధ మొదలవుతుంది, అందరూ తేలిగ్గా చేసేస్తున్న పని నా వల్ల మాత్రమే కావట్లేదని.

మనం చెప్తే వినేవి రెండున్నాయి. ఊపిరి, కాళ్లు.

పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెడ గుండా గుండె దాకా దిగే వేగస్ నరం చేసే పని ఇది. అందుకే వదిలే ఊపిరిని సాగదీస్తే గుండె నెమ్మదిస్తుంది. ముక్కుతో నిండుగా పీల్చి, దాని మీదే ఇంకో చిన్న గుక్క పీల్చి, నోటితో మెల్లగా పూర్తిగా వదిలేయాలి. ఇలా రోజుకి 5 నిమిషాలు, నెల రోజులపాటు చేసినవాళ్ల మీద స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఒక అధ్యయనం ప్రచురించారు. అంతే సమయం ధ్యానం చేసినవాళ్లకన్నా వీళ్ల మూడ్ ఎక్కువ మెరుగుపడింది. నాకు ధ్యానం కుదరలేదు, కళ్లు మూసుకుంటే చేయాల్సిన పనులన్నీ వరసకట్టి వచ్చేవి. ఊపిరి మాత్రం కుదిరింది. ఫోన్ ఎత్తే ముందు, మీటింగ్‌కి వెళ్లే ముందు, ఇంటి తలుపు తీసే ముందు మూడుసార్లు చేస్తాను. పక్కనున్నవాళ్లకి తెలియను కూడా తెలియదు.

ఇక నడక. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మొదటి రోజు చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా 20 నిమిషాలు నడిచాను. మొదటి పది నిమిషాలు మనసంతా ఆఫీసులోనే ఉంది, నాతో గొడవపడిన మనిషికి లోపల్లోపలే జవాబులు చెప్తూనే ఉన్నాను. ఆ తర్వాత ఎప్పుడో తెలియకుండానే భుజాలు కిందికి దిగాయి. అవి అంత పైకి ఎగదన్ని ఉన్నాయని దిగాకే తెలిసింది. ఆ రాత్రి కూడా మూడింటికి మెలకువ వచ్చింది. మూడో వారం నుంచి తగ్గుతూ వచ్చింది. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అని ఇంతకుముందు అనేవాళ్లు, 2020లో ఆ షరతు తీసేశారు. మెట్లెక్కినా, ఫోన్ మాట్లాడుతూ చకచకా నడిచినా అన్నీ లెక్కలోకే వస్తాయి. చేతికి వాచీ కట్టుకుని పదివేల అడుగులు పూర్తి కాలేదని బాధపడేవాళ్లు నాకు తెలుసు. ఆ అంకె వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటర్ పేరులోంచి వచ్చింది. దయచేసి దానికోసం కొత్త టెన్షన్ తెచ్చుకోకండి.

చెట్లున్న చోట నడవగలిగితే మరీ మంచిది. రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు 1984లో ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. ఆపరేషన్ అయ్యాక కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ మాత్రమే కనిపించినవాళ్లకన్నా కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. కిటికీలోంచి చూస్తేనే అంత తేడా ఉంది.

రాత్రి సంగతి. పడుకునే ముందు ఫోన్ చూడటాన్ని చాలా ఏళ్లు విశ్రాంతి అనుకున్నాను. కళ్లు అలిసేవి కానీ మనసుకి కొత్త మేత దొరుకుతూనే ఉండేది. ఇప్పుడు ఆ సమయంలో ఒక కాగితం మీద రేపు చేయాల్సిన పనులు రాసి పక్కన పెడతాను. 2018లో 57 మంది యువతీయువకుల మీద చేసిన ఒక ప్రయోగంలో, 5 నిమిషాలు ఇలా రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. కాగితం మీదికి ఎక్కిన పనిని తల మోయక్కర్లేదు. సాయంత్రం కాఫీ కూడా మానేశాను, కెఫీన్‌లో సగం దిగడానికే దాదాపు 5 గంటలు పడుతుంది కాబట్టి. మద్యం తాగితే హాయిగా నిద్ర పడుతుందనే మాట నమ్మకండి. పట్టడం త్వరగానే పడుతుంది, తెల్లవారుజామున ముక్కలవుతుంది.

ఇదంతా రాశాక నా అసలు బాధ కూడా చెప్పాలి. నేను పనిచేసిన ఒక చోట ఉద్యోగులకి ఊపిరి వ్యాయామాలు నేర్పించారు. అదే నెలలో ఇద్దరు మానేస్తే వాళ్ల పని కూడా మిగిలినవాళ్లకే పంచారు. ఊపిరి ఆ పని చేసిపెట్టదు. ఇంట్లోనూ అంతే. "కాస్త నడవచ్చు కదా" అని ఇంటి ఇల్లాలికి సలహా ఇచ్చేవాళ్లు, ఆ అరగంట పసిపిల్లనో మంచంలో ఉన్న పెద్దాయననో ఎవరు చూసుకుంటారో కూడా చెప్పాలి. "నేను చూసుకుంటాను, నువ్వు వెళ్లిరా" అనండి. పది "టెన్షన్ పడకు"ల కన్నా ఆ ఒక్క మాట ఎక్కువ ఉపకారం చేస్తుంది.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నాను. వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఏ పని మీదా మనసు నిలవకపోయినా, బతకాలనిపించకపోయినా నడకతో సరిపెట్టుకోకండి. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. మొదటి డాక్టర్ సరిగా వినకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

మొన్న రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. ఉద్యోగం పోయేలా ఉందట, మాట తడబడుతోంది. అలవాటు ప్రకారం "టెన్షన్ పడకురా" అనబోయి ఆగాను. "చెప్పులేసుకుని బయటికి రా, నడుస్తూ మాట్లాడు, నేనూ ఇక్కడ నడుస్తాను" అన్నాను. నలభై నిమిషాలు నడిచాం, వాడో ఊళ్లో, నేనో ఊళ్లో. వాడి ఉద్యోగం సంగతి అలాగే ఉంది. చివర్లో గొంతు మాత్రం మామూలుగా వచ్చింది. "అక్కా, రేపు కూడా ఇదే టైముకి చెయ్యనా?" అన్నాడు. చెయ్యరా అన్నాను.