కుక్కకు తడి ఇసుక, తాబేలుకు పొడి ఇసుక

విశాఖ బీచ్‌కి పెంపుడు కుక్కల్ని రానివ్వాలా వద్దా అన్న వాదన ఎప్పుడొచ్చినా వినిపించేవి రెండే మాటలు. పూర్తిగా ఆపెయ్యండని ఒకరు, మా కుక్క ఎవర్నీ ఏమీ అనదని ఇంకొకరు. రెండూ పనికిరావు. బోర్డులు రాయించే వాళ్లకంటే ముందే సముద్రం ఇక్కడ ఓ గీత గీసి పెట్టింది. రోజుకు రెండుసార్లు నీళ్లు పైకొచ్చే పోటు, రెండుసార్లు వెనక్కిపోయే పాటు. పోటు తడిపి వెళ్లిన ఇసుక ఒకవైపు, దానికి అందని పొడి ఇసుక ఇంకోవైపు. కుక్క తడి ఇసుక మీదే నడవాలి, గొలుసుతోనే నడవాలి. నగరానికి కావాల్సిన అసలు నిబంధన ఇదొక్కటే, మిగతావన్నీ దానికి తోకలు.

ఎందుకంటే తగాదా అంతా పొడి ఇసుకలోనే ఉంది. ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, పోటు గీత దాటి పైకి పాకి, అడుగున్నర లోతు గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్తుంది. గుడ్లు పిల్లలవడానికి 45 నుంచి 60 రోజులు. అటవీ శాఖ గుడ్లను ఏరి, వాటిని కాపాడి పిల్లలు చేసే హేచరీకి చేర్చేలోపు ఆ గుంటను కనిపెట్టడానికి కుక్కకు కళ్లు అక్కర్లేదు, ముక్కు చాలు. తడి ఇసుకలో, ఆరడుగుల గొలుసుకు కట్టుబడి నడిచే కుక్క ఆ గుంట దాకా పోలేదు. అయితే తల్లి పైకి రావాలన్నా పిల్లలు నీళ్లలోకి దిగాలన్నా తడి ఇసుక దాటక తప్పదు. ఆ ప్రయాణాలు రాత్రి, తెల్లవారుజామునే. కాబట్టి డిసెంబరు నుంచి మే దాకా పొద్దుగూకాక, సూర్యోదయానికి ముందు ఏ కుక్కా ఇసుక మీద ఉండకూడదు. ఇందులో బేరం లేదు.

రెండో కారణం గురించి బీచ్‌లో ఎవరూ మాట్లాడరు: కొంకిపురుగు (హుక్‌వార్మ్). నులిపురుగుల మందు పడని కుక్క మలంలో దాని గుడ్లుంటాయి. వెచ్చగా, చెమ్మగా, నీడగా ఉండే ఇసుకలో ఒకటి రెండు రోజుల్లో పగులుతాయి. ఐదు నుంచి పది రోజుల్లో లార్వా మనిషి చర్మంలోకి దూరే స్థితికొస్తుంది, అనుకూలిస్తే మూడు నాలుగు వారాలు బతుకుతుంది. చెప్పుల్లేకుండా ఆడుకున్న పిల్లాడి పాదం మీద ఎర్రగా, వంకరటింకరగా పాకే దురద గీత దాని పనే. మొక్కజొన్న బళ్ల వెనక, పడవల నీడన దానికి సుఖం. రోజూ అల కడిగే చోట నిలదొక్కుకోవడం కష్టం. అలాగని కుక్క మలాన్ని అలకు వదిలేయమని కాదు. మలాన్ని ఇసుకలో పూడ్చేవాళ్లు శుభ్రం చేశామనుకుంటారు కానీ, పురుగుకు నీడా చెమ్మా సమకూర్చి వస్తున్నారు. కవరుతో ఎత్తి, ముడేసి, రోడ్డు మీది డబ్బాలో వేయాలి. మూడు నెలలకోసారి మందు వేయించాలి.

కుక్క మేలు చూసినా తడి ఇసుకే నయం. ఎండెక్కాక పొడి ఇసుక మీద అరచేయి వెనకభాగం ఏడు సెకన్లు ఆన్చలేకపోతే దాని పాదాలూ ఓర్చవు, బొబ్బలెక్కుతాయి. పొద్దున ఎనిమిది గంటలు దాటితే తేకపోవడమే మంచిది. దాహమేస్తే సముద్రం నీళ్లు తాగి ముందు వాంతులు, తర్వాత విరేచనాలు, ఎక్కువ తాగితే వణుకు, మూర్ఛ. లాబ్రడార్ లాంటి దానికి లీటరు మంచినీళ్లు వెంట ఉండాలి, పావుగంటకోసారి కొద్దికొద్దిగా పట్టాలి. లాగితే సాగే రీలు గొలుసు ఇక్కడ వద్దు. ఇసుక చేరితే బ్రేకు జారుతుంది, సన్నతాడు వేళ్లు కోస్తుంది. మామూలు నైలాన్ పట్టీ, ఒంటికి తొడిగే హార్నెస్ చాలు. జాలరులు ఒడ్డుకు లాగే అలివి వల దగ్గర ఏరి పారేసిన చేపల దగ్గర మరీ జాగ్రత్త. బంతిలా ఉబ్బే చేప ఎండిపోయినా విషమే. ఈదనివ్వొద్దు కూడా, ఆర్కే బీచ్‌లో సముద్రం లోపలికి లాగే ప్రవాహం మనుషుల్నే తీసుకుపోతోంది. ఇంటికెళ్లాక మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు, చెవులు పొడిగా తుడవాలి. టీకాలు పూర్తయి రెండు వారాలు దాటని కుక్కపిల్లను అసలు తేవద్దు.

కుక్కంటేనే భయపడే పిల్లలున్నారు, కార్తీక స్నానాలకొచ్చే వాళ్లున్నారు, యజమానుల మాట నమ్మలేమనే వాళ్లున్నారు. మూడోది నూటికి నూరుపాళ్లు న్యాయమైన మాట. అందుకే గొలుసు వదిలినా మలం వదిలినా జరిమానా అక్కడికక్కడే పడాలి. జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, ఐదు వేల దాకా జరిమానానో, రెండూనో పడే వీలు ఎటూ ఉంది. పండగ స్నానాల రోజున కుక్కలకు సెలవు ఇచ్చేస్తే సరి.

పూర్తి నిషేధం అడిగేవాళ్లు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. గుడ్లు తవ్వే కుక్కకు యజమాని ఎవరు? 2023 నాటి ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధి కుక్కను పట్టుకుని, ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవికి గాటు పెట్టి తిరిగి అదే చోట వదలాలి. అంటే బోర్డు పెట్టిన మర్నాడు బీచ్‌లో మిగిలేది గొలుసు లేనివే. టీకా వేయించుకుని, మనిషి చేతిలో ఉన్నదే బయటికి పోతుంది. అడ్డుకోవడం తేలికైన వాళ్లనే అడ్డుకోవడం మన పట్టణ పాలనకు పాత అలవాటు.

రుషికొండ సంగతి వేరు. శుభ్రమైన, భద్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ దానికి 2020లో వచ్చింది. ఆ గుర్తింపు నిబంధనల్లోనే జంతువుల రాకపై గట్టి అదుపు ఉండాలని ఉంది. 2025 ఆరంభంలో ఆ జెండా కొన్నాళ్లు దూరమై తిరిగొచ్చింది, అప్పటి ఫిర్యాదుల్లో కుక్కలూ ఉన్నాయి. అక్కడ ఇసుక మీదికి వద్దు, అంతే. ఎర్రమట్టి దిబ్బల మీదికీ, కంబాలకొండ అభయారణ్యంలోకీ అసలే వద్దు. మంగమారిపేట రాళ్లకు అంటుకున్న గవ్వలు పాదాలు కోస్తాయి. సాగర్‌నగర్‌లో తాబేళ్ల కాలం పోయాక, భీమిలిలో సెలవులు కాని రోజుల్లో పొద్దున్నే వెళ్లొచ్చు, జాలరుల వలలకూ ఎండబెట్టిన చేపలకూ దూరంగా. ఊళ్లో కంచె వేసిన కుక్కల పార్కు కట్టాలంటే అర ఎకరం, ఐదడుగుల జాలీ, మధ్యలో ఆరడుగుల ఎడంతో రెండు గేట్లు కావాలి. ఒకే గేటైతే ఒకటి లోపలికొచ్చేటప్పుడు ఇంకొకటి రోడ్డెక్కుతుంది. చిన్న కుక్కలకు వేరే అర లేకపోతే వారం తిరక్కుండా కాట్లాటలే.

ఇంత చెప్పాక అసలు లోటు గురించి మాట్లాడకపోతే తప్పు. మనం పంచుకోవాలని చూస్తున్న ఇసుకే తగ్గిపోతోంది. ఈ తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం కట్టిన అడ్డుగోడలు ఆ నడకను ఆపాయి. అప్పటినుంచి కోస్టల్ బ్యాటరీ, ఆర్కే బీచ్ వైపు ఒడ్డు కోసుకుపోతోంది. పోర్టు తవ్విన ఇసుకను పైపులతో తెచ్చి పోయాల్సి వస్తోంది. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత ఆ లోటు అందరి కళ్లా పడింది. ఒడ్డు వెడల్పుగా ఉంటే నడిచేవాళ్లు, ఆడేవాళ్లు, వలలు, తాబేళ్లు, కుక్కలు ఎవరి దారిన వాళ్లు పోతారు. అది పది గజాలకు కుంచించుకుపోతే ప్రతివాడికీ పక్కవాడే శత్రువు. బీచ్ రోడ్డులో అందాల కోసం ఏటా వేసే టైల్సూ బొమ్మలూ ఒక్క గజం ఇసుకను పెంచవు. ఇసుక పోసే పని ఎన్ని ఘనపు మీటర్లు, ఎప్పుడు, ఎక్కడ అన్న లెక్క బీచ్‌లోకి దిగే మెట్ల దగ్గర రాసిపెడితే జనం చదువుతారు.

అందాకా ఆ మెట్ల దగ్గరే రెండు మూత డబ్బాలు, కవర్ల పెట్టె, ఆ రోజు పోటు వేళలు రాసే నల్లబల్ల పెడితే పని మొదలవుతుంది. కుక్కను దించే దారి మెట్ల నుంచి నేరుగా తడి ఇసుకకే, గొలుసు చేతికి చుట్టుకుని. పోటు వచ్చి గోడను తాకిన రోజు దిగేదే లేదు. ఆ పూట దానికి బీచ్ రోడ్డు ఫుట్‌పాతే.