ట్యాంకు నిండింది

మా బావమరిది దగ్గర ఓ పాత ఆట డబ్బా ఉంది. వింగ్స్ ఆఫ్ వార్ అని, 2004లో ఇటలీవాళ్లు తెచ్చిన ఆట. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలు, బాణం గుర్తులున్న కార్డులు. విడతకు మూడు కార్డులు బోర్లా పెట్టుకోవాలి, అందరూ ఒక్కొక్కటీ ఒకేసారి తిప్పాలి. బాణం ఎటుంటే విమానం అటు. గళ్ల బోర్డు లేదు, పాచికలు లేవు. మల్కాజిగిరిలో మా డైనింగ్ టేబులే మాకు ఫ్రాన్స్ ఆకాశం.

తొమ్మిదో తరగతి చదివే మావాడికి విసుగొచ్చింది. "డాడీ, 2500లో అంగారకుడి మీద ట్యాంకుల యుద్ధం పెడదాం" అన్నాడు. విమానాన్ని నేలకు దించితే ట్యాంకే కదా అనుకున్నాను. ఆ 'కదా' దగ్గరే కొంప మునిగింది.

ముందు ట్యాంకులు కావాలి. అగ్గిపెట్టె, దాని మీద సోడా మూత, మూతకు అతికించిన అగరుబత్తి పుల్ల. ఆ విమానాల తుపాకీ ముక్కు ఎటుంటే అటే పేలుతుంది. ట్యాంకుకు అలా కాదు, ఒళ్లు కదలకుండా తల తిప్పి కొట్టొచ్చు. మూత తిరుగుతుంది కాబట్టి ఆ చిక్కు తీరింది. దెబ్బల కార్డులు ఇంకా సులువు. చుక్కాని ఇరుక్కుపోయి ఎడమకు తిరగలేని విమానం, గొలుసు తెగి ఎడమకు తిరగలేని ట్యాంకైంది. ఇమ్మెల్‌మన్ మలుపు మాత్రం మింగుడు పడలేదు. 1916లో చనిపోయిన జర్మన్ పైలట్ పేరు మీదున్న విద్య అది, పైకి లేచి, తిరగబడి, వెనక్కి రావడం. ట్యాంకు పల్టీ కొడితే లోపలివాళ్ల గతేంటని మావాడి అనుమానం. "అంగారకుడి మీద బరువు తక్కువ, ఏం కాదు" అని దాటేశాను. సైన్స్ ఫిక్షన్‌లో ఉన్న సుఖమే అది.

అసలు తలనొప్పి ఆగడం. విమానం గాల్లో ఆగదు కాబట్టి డబ్బాలో 'ఆగు' కార్డే లేదు. ట్యాంకు ఆగకపోతే అది ట్యాంకెలా అవుతుంది, సిటీ బస్సవుతుంది. బీరువాలో ఉన్న పెళ్లి కార్డు కత్తిరించి 'ఆగు' అని రాశాను. మొదటి విడతలోనే బావమరిది నవ్వాడు. "బావా, నువ్వు ఆగుతున్నవ్ గదా?" బోర్లా పెట్టిన కార్డు వాడికెలా తెలిసిందా అని చూస్తే, మూలన పసుపు, వెనక సగం వినాయకుడు.

సరే, అన్నీ పెళ్లి కార్డులతోనే చేశాను. బంధువులు ఎక్కువుండటం ఇలా కలిసొస్తుందనుకోలేదు. ఇప్పుడు రహస్యం నిలిచింది, ఆట నిలిచిపోయింది. ముగ్గురం ఆవకాయ జాడీ వెనక ట్యాంకులు దాచి, ఆగు, ఆగు, ఆగు. నలభై నిమిషాలు. ఎవడు బయటికొస్తే వాడు పోతాడు, కాబట్టి ఎవడూ రాడు.

మూడో ఆదివారం నాకు వెలిగింది. ఇవి చక్రాల మీద నడిచేవి కావు, నేలకు జానెడు ఎత్తున గాల్లో తేలే ట్యాంకులు! తేలేది టక్కున ఆగదు, జారుతుంది. 'ఆగు' కార్డు రద్దు.

బావమరిది అగ్గిపెట్టెను ఎత్తి అటూ ఇటూ చూశాడు. "గాల్లో ఉంటది, ఆగది, పల్టీ కొడతది. మూడు వారాలు గోస పడి మల్ల విమానమే చేసినవ్ గద బావా."

జవాబు దొరకలేదు. మూతి ముడుచుకుని కార్డులు పెట్టాను. అంతకు ముందెప్పుడో మా ఆవిడ "మోటర్ ఏసిన, నిండితే బంద్ చేయుండ్రి" అని చెప్పి వంటింట్లోకి పోయింది. సరిగ్గా మావాడి ట్యాంకుకు నా పుల్ల గురిపెట్టినప్పుడు అక్కడి నుంచే అరిచింది.

"ఏమండీ, ట్యాంకు పోతున్నది!"

"పోనియ్, ఇంకా రెండున్నయ్!"

పది నిమిషాలకు కింది పోర్షన్ పిన్నిగారు తలుపు దగ్గర నిలబడ్డారు. చేతిలో చీర, చీర మీద సగ్గుబియ్యం వడియాలు. పొద్దున మా డాబా మీద ఆరబెట్టినవే, మళ్లీ జావ అయ్యాయి. చీర కొంగు నుంచి గుమ్మంలో చుక్క చుక్క పడుతోంది. ఆవిడ ఏమీ అనలేదు. టేబుల్ మీది అగ్గిపెట్టెల వైపు, నా వైపు చూశారు, అంతే.

పసుపు మూల ఉన్న ఆ 'ఆగు' కార్డును మా ఆవిడ మోటర్ స్విచ్చి పక్కన గోడకు అంటించింది.