పెద్దమనుషుల తెరచాప పందెం

తెరచాప పడవల వాళ్లు తమ ఆట గురించి చెప్పేముందు గొంతు సవరించుకుంటారు. ఇది పెద్దమనుషుల ఆట అంటారు. తప్పు చేసినవాడే ఒప్పుకుని, తనకు తానే శిక్ష వేసుకుంటాడట. ఇక అంపైర్ దేనికి? చాలా గొప్ప సిద్ధాంతం. పందెం జరగనంత కాలం దానికి ఏ లోటూ రాలేదు.

తెరచాప పడవల పందెం ‘అమెరికాస్ కప్’ 1934లో ఎలా జరిగిందో చూడండి. అమెరికాలోని న్యూపోర్ట్ తీరంలో ఒకవైపు ‘ఎండెవర్’ మీద విమానాల తయారీదారు, బ్రిటన్‌కు చెందిన సాప్‌విత్. ఇంకోవైపు ‘రెయిన్‌బో’ మీద రైల్వే ఆస్తుల వారసుడు వాండర్‌బిల్ట్. నాలుగో రేసులో తప్పుకోవాల్సిన వాండర్‌బిల్ట్ తప్పుకోలేదని, గుద్దుకోకుండా తనే పక్కకు తిప్పుకోవాల్సి వచ్చిందని సాప్‌విత్ గోల. న్యూయార్క్ యాట్ క్లబ్ వారి కమిటీ ఆ ఫిర్యాదు విననే లేదు. ఎవరిది తప్పు అన్నదాకా వెళితే కదా! నిరసన జెండా వెంటనే ఎత్తలేదు, కాబట్టి ఫిర్యాదే లేదు. పాపం ఆయన తమ దేశపు అలవాటు ప్రకారం కమిటీ బోటు దగ్గరికొచ్చాక ఎత్తాడు. మొదటి రెండు రేసులూ గెలిచినవాడు చివరికి 4-2తో ఓడి ఇంటికెళ్లాడు. ఆ తర్వాత దారి హక్కు నియమాలను తిరగరాసే పనిని నెత్తికెత్తుకున్నది ఎవరో తెలుసా? వాండర్‌బిల్టే. పనితనం తెలిసినవాడికి పని అప్పగిస్తే తప్పేముంది.

1970లో వంతు ఆస్ట్రేలియాకు వచ్చింది. రెండో రేసు స్టార్ట్ దగ్గరే వాళ్ల పడవ ‘గ్రెటెల్ 2’, అమెరికా పడవ ‘ఇంట్రెపిడ్’ గుద్దుకున్నాయి. ముగింపు గీత ముందు దాటింది గ్రెటెల్, అనర్హత కూడా దానికే. తీర్పు చెప్పినవాళ్లు ఎవరంటే, కప్పును కాపాడుకుంటున్న అదే న్యూయార్క్ క్లబ్బు వాళ్లే. ఆ క్లబ్బుకు ఫిర్యాదు చేయడమంటే పెళ్లాం మీద అత్తగారికి చెప్పుకోవడమేనని గ్రెటెల్ పెట్టుబడిదారు ఫ్రాంక్ ప్యాకర్ అన్నాడు. ఆ మాటకు అనువాదం అక్కర్లేని దేశం ఉండదు. కప్పుకు అంతర్జాతీయ జ్యూరీ వచ్చింది ఆ తర్వాతే.

ఇలా పెద్దమనిషి తరహా బాగా ముదిరాక, మ్యాచ్ రేసింగ్‌లో అంపైర్లు మోటారు బోటెక్కి రెండు పడవల వెనకాలే తిరగడం మొదలైంది. ఇందులో పడవలు రెండే. ఒకటి పసుపు, ఒకటి నీలం. మామూలుగా అంపైర్ అంటే ఎవరి పక్షమూ వహించకూడదు. ఇక్కడ ఒకే బోటులో కూర్చున్న ఇద్దరూ చెరో పక్షం తీసుకుని, ఆ పడవ తామే అయినట్టు పైకే మాట్లాడుకోవాలి.

“నేను పసుపు. స్టార్‌బోర్డ్. దారి నాది.”

“నేను నీలం. పోర్ట్. తప్పుకోవాలి, తప్పుకుంటున్నా.”

“మలుపు తిప్పుతున్నా. నీకు చోటిచ్చా.”

“ఇచ్చావు. ఇంకా తప్పుకుంటూనే ఉన్నా.”

నడిసముద్రంలో ఇద్దరు పెద్దవాళ్లు చల్లటి గొంతుతో ఇలా మాట్లాడుకోవడం వింటే ఎవరికైనా దడ పుడుతుంది. కానీ ఫిర్యాదు వచ్చేసరికి సగం విచారణ అయిపోయి ఉంటుంది. గాలి కుడివైపు నుంచి తగిలేవాడిది స్టార్‌బోర్డ్, ఎడమ నుంచి తగిలేవాడిది పోర్ట్, వాడు అతనికి దారివ్వాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, ఒడ్డున నిలబడి మీరూ అరవొచ్చు. ఇక పడవల స్థితి మారిందో లేదో అంపైర్లకు అనుమానమొస్తే మారలేదనే లెక్క. చివరిసారి ఖాయంగా ఏం చూశారో అదే సత్యం. మన రెవెన్యూ రికార్డులు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయని నా అనుమానం.

స్టార్ట్‌కు ముందు 4 నిమిషాలు పడవలు రెండూ గీత దగ్గర ఒకదాన్నొకటి తరుముకుంటాయి. తగాదాల పంట అక్కడే. అడ్డం వచ్చినవాడే ముందుగా పసుపు ఎరుపు చారల ఫిర్యాదు జెండా ఊపుతాడు. మొగుణ్ణి కొట్టి మొగసాలెక్కడం అంటే ఇదే. అంపైర్లు ఆకుపచ్చ తెలుపు జెండా ఎత్తితే ఎవరికీ శిక్ష లేదు. పసుపో నీలమో ఎత్తితే ఆ రంగువాడు పడవను ఒక చుట్టు తిప్పాలి. నేరానికి శిక్ష గిరగిరా తిరగడం!

అది కూడా వెంటనే అక్కర్లేదు. స్టార్ట్ అయ్యాక ముగింపు గీత దాటేలోపు ఎప్పుడైనా తిరగొచ్చు. ఈలోగా ఎదుటివాడికీ ఒక పెనాల్టీ పడితే చెల్లుకు చెల్లు, రెండూ మాఫీ. కాబట్టి శిక్ష పడ్డవాడికి పశ్చాత్తాపపడే తీరిక ఉండదు. ఎదుటివాడి చేత తప్పు చేయించడం ఎలాగన్నదే అతని టెన్షన్. దారి హక్కు తనకు దొరికేలా కోణం చూసుకుని, వాడు తప్పుకోలేని చోట తగులుకుంటాడు. తగులుకోగానే జెండా. చట్టం తెలిసినవాడు కోర్టుకు భయపడడని ఊరికే అన్నారా! అయితే తప్పుతో లాభం కొట్టేస్తే ఎర్రజెండా కూడా కలుస్తుంది, అప్పుడు వాయిదా కుదరదు. బాకీ పెనాల్టీలు రెండు దాటితే నల్లజెండా, మ్యాచే పోతుంది.

తీర్పు క్షణాల్లో వస్తుంది. దాని మీద అప్పీలు లేదు. ఇంత వేగమైన న్యాయం భూమ్మీద లేదు కాబట్టే నీళ్లమీద పెట్టినట్టున్నారు.

అప్పీలు లేదన్నారు గానీ మాట్లాడకూడదని అనలేదు. సాయంత్రం ఒడ్డున అంపైర్లు స్కిప్పర్లతో కూర్చుని చిన్న చిన్న బొమ్మ పడవలు బల్ల మీద పేర్చి వివరిస్తారు. ఓడినవాడు తన బొమ్మను రెండంగుళాలు వెనక్కి జరుపుతాడు. గెలిచినవాడు ముందుకు తోస్తాడు. ఆ బల్ల మీద మాత్రం గాలి ఎప్పుడూ మాట్లాడేవాడికి అనుకూలంగానే వీస్తుంది.