ఆకాశవాణి: భాషలకు వేళ దొరికింది, పెత్తనం దొరకలేదు

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రసారాలు మొదలుపెట్టింది. సరిగ్గా తొమ్మిది రోజులకు, అదే నెల 10న, భాషాప్రయుక్త రాష్ట్రాల ఏర్పాటు దేశానికి మేలు చేయదంటూ ధార్ కమిషన్ నివేదిక సమర్పించింది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం ఇవ్వడానికి సందేహించిన ప్రభుత్వమే, తెలుగు మాట్లాడే ప్రాంతం నడిబొడ్డున వారికొక రేడియో కేంద్రాన్ని ఇచ్చిందన్నమాట. అప్పటి సమాచార ప్రసారాల మంత్రి సర్దార్ పటేల్. భాషా రాష్ట్రాల విషయం వాయిదా వేయాలని ఆ మరుసటి ఏడాది చెప్పిన జేవీపీ (జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్య) కమిటీలోనూ ఆయన సభ్యుడే.

ఇందులో పైకి కనిపించే వైరుధ్యం కన్నా లోపల ఉన్న పొందికే ముఖ్యమని నేను అనుకుంటాను. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశానికి మిగిలిన రేడియో కేంద్రాలు ఆరు: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో. ఆ తర్వాత మూడేళ్లలో కొత్త కేంద్రాలు వచ్చిన చోట్లను గమనిస్తే, ఒరియాకు కటక్, అస్సామీకి గువాహటి, కన్నడానికి ధార్వాడ, మలయాళానికి కోళికోడ్, తెలుగుకు విజయవాడ అన్నట్టుగా అవి భాషల సరిహద్దుల వెంటే నడిచాయి. ఆంధ్ర రాష్ట్రం 1953లో, కర్ణాటక, కేరళ 1956లో ఏర్పడ్డాయి కాబట్టి, దక్షిణాన రాష్ట్రాల పటం కంటే రేడియో పటమే ముందు గీశారని చెప్పవచ్చు. జనానికి వారి భాషలో మాట చేరవేయడం ఢిల్లీకి అవసరం. ఆ భాషల వారికి నిర్ణయాధికారం ఇవ్వడం మాత్రం వేరే సంగతి. ఈ తేడాయే తర్వాతి డెబ్బై అయిదేళ్ల ఆకాశవాణి చరిత్రను నడిపించింది.

మొదట్లో రేడియో ఢిల్లీ సొత్తు కాదు. మద్రాసులో 1924లో ప్రసారాలు మొదలుపెట్టినది ఔత్సాహికులు పెట్టుకున్న ఒక క్లబ్బు. డబ్బు చాలక అది మూతపడితే, ఆ పనిని 1930లో మద్రాసు నగరపాలక సంస్థ అందుకుంది. బొంబాయి, కలకత్తాల్లో 1927లో ప్రైవేటు కంపెనీ ప్రారంభించిన కేంద్రాలు మూడేళ్లకే దివాలా తీసి ప్రభుత్వం చేతికి వచ్చాయి. బీబీసీ నుంచి వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ హయాంలో, 1936 జూన్ 8న, ఈ ప్రభుత్వ శాఖకు ఆల్ ఇండియా రేడియో అనే పేరు పెట్టారు. మద్రాసు కేంద్రం 1938లో ఆ గొడుగు కిందికి వచ్చింది. తెలుగు, తమిళ కార్యక్రమాలు అక్కడ ఒకే కేంద్రాన్ని పంచుకోవలసి వచ్చేది.

ఒక విషయం ఇక్కడ ఆగి చెప్పాలి. రాష్ట్రాలకు ప్రసార హక్కు అసలు ఎన్నడూ లేదని చాలామంది అనుకుంటారు. కానీ 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం 129వ సెక్షన్, ట్రాన్స్‌మిటర్లు పెట్టుకొని నడుపుకోవడానికి రాష్ట్రాలకూ సంస్థానాలకూ అవసరమైన అధికారాలను కేంద్రం అకారణంగా నిరాకరించకూడదని చెప్పింది. వలస పాలకులు రాసిన చట్టంలో ఉన్న ఆ మాత్రం వెసులుబాటు స్వతంత్ర భారత రాజ్యాంగంలో లేదు. ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా 31వ అంశంలో తపాలా, టెలిఫోన్‌ల సరసన ప్రసారాలను చేర్చారు. విభజన గాయాలు పచ్చిగా ఉన్న కాలంలో తీసుకున్న ఆ నిర్ణయం వెనుక ఉన్న భయాన్ని అర్థం చేసుకోవచ్చు. ఆ భయం తీరిన తర్వాత కూడా ఏర్పాటు మారకపోవడమే మన భాషలకు జరిగిన నష్టం.

హైదరాబాదు కథ వేరు. నిజాం ప్రభుత్వం 1935లోనే దక్కన్ రేడియోను తన చేతికి తీసుకుంది. ఆల్ ఇండియా రేడియో అనే పేరు పుట్టడానికి ముందు మాట ఇది. జనంలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే రాజ్యంలో ఆ రేడియో ప్రధానంగా ఉర్దూలో మాట్లాడింది. అది 1950 ఏప్రిల్ 1న ఆల్ ఇండియా రేడియోలో కలిసిన తర్వాత తెలుగుకు పెద్దపీట దక్కింది, ఉర్దూకూ చోటు మిగిలింది. హైదరాబాదు కేంద్రం ఉర్దూ కార్యక్రమం నైరంగ్‌ను ఇష్టంగా విన్న తెలుగు ఇళ్లు కూడా ఉన్నాయి. ఒక కేంద్రం తన ఊరి భాషలన్నిటినీ తనవిగా చూసుకుంటే ఏం జరుగుతుందో అది చూపింది.

తెలుగు రేడియో వెలిగిన కాలం ఏదని అడిగితే, వినేవారిలో నూటికి తొంభైమంది 1950ల నుంచి 1970ల దాకా అంటారు. ఆ వెలుగుకు కారణం కేవలం గొప్ప గొంతులు కాదు. కృష్ణశాస్త్రి, దాశరథి, బుచ్చిబాబు, బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి వారు ఆకాశవాణిలో ఉద్యోగులుగా పనిచేశారు. పాటకు రాగం కట్టడం, నాటకం ఎంపిక చేయడం, ఏ వేళకు ఏది వేయాలో తేల్చడం అక్కడికక్కడే జరిగేవి. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ పురాణ ప్రవచనం వస్తున్నంతసేపూ వీధిలో నడుస్తూ వెళ్తే, ఒక ఇంటి కిటికీలో వినిపించిన వాక్యం తర్వాతి ఇంటి కిటికీలో పూర్తయ్యేదని ఆ తరం వారు ఇప్పటికీ చెబుతారు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద, టీ కొట్టు ముందు జనం నిలబడి విన్న ఆ అరగంటను ఎవరూ ఢిల్లీ నుంచి అనువదించి పంపలేదు. ఆ గొంతు, ఆ పలుకుబడి, ఆ వేళ, అన్నీ తెలుగు కేంద్రం తేల్చుకున్నవే.

ఇప్పుడు అదే కాలంలో వార్తల సంగతి చూడండి. ఢిల్లీలోని జనరల్ న్యూస్ రూమ్ ఇంగ్లీషులో బులెటిన్ తయారుచేసేది. ఆ కాగితాలు భాషా విభాగాలకు వెళ్లేవి. అక్కడి ఉద్యోగి హోదా పేరులోనే విషయమంతా ఉంది: న్యూస్‌రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్. చదవడం, అనువదించడం, అంతే. వార్తను ఎంచుకునే పని ఆ హోదాలో లేదు. ఇంగ్లీషు వాక్యం ప్రధాని అన్నారు అనే మాటతో మొదలై, ఆ తర్వాత మూడు షరతులు, రెండు వివరణలు వేలాడదీసుకొని నడుస్తుంది. తెలుగులో ఆ అన్నారు చివరికి రావాలి. కాబట్టి అనువాదకుడు కింది నుంచి పైకి చదువుకుంటూ, వాక్యాన్ని రెండుగానో మూడుగానో తెంచి, మైకు ముందుకు వెళ్లే వేళకు చేత్తో రాసి ముగించాలి. గడియారాన్ని చూస్తూ రోజుకు ఇన్నిసార్లు ఈ పని చేసినవారు తెలుగు వచనానికి చేసిన మేలు చిన్నది కాదు. పత్రిక చదవలేని రైతుకు అర్థమయ్యే తెలుగులో పార్లమెంటు చర్చను చెప్పగలిగింది వారే. కానీ ఏది వార్త, ఏది ముందు రావాలి, ఏది వదిలేయాలి అన్నది మాత్రం ఇంగ్లీషులోనే నిర్ణయమైపోయేది. ప్రాంతీయ వార్తా విభాగాలు రాష్ట్ర విశేషాలను తెలుగులోనే రాసుకున్న మాట నిజమే. దేశం, ప్రపంచం మాత్రం అనువాదంగానే అందేవి.

ఇదే ఏర్పాటు టెలివిజన్‌లో మరింత స్పష్టంగా కనిపించింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ (ఉపగ్రహ బోధనా టెలివిజన్) ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. ఆ ఉపగ్రహానికి బొమ్మ ఒకటి, శబ్దమార్గాలు రెండు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక పల్లెలకు ఒకే బొమ్మ వెళ్లేది. ఒక శబ్దమార్గంలో తెలుగు, రెండోదానిలో కన్నడం. పరిమిత సాధనాలతో చేసిన తెలివైన పని అది, దాన్ని తక్కువ చేయను. అయితే బొమ్మ ఒకటే ఉంచి మాట మార్చితే చాలన్న ఆలోచన, ప్రయోగం ముగిసిన తర్వాత అలవాటుగా స్థిరపడింది. 1982 ఆగస్టు 15న దూరదర్శన్ జాతీయ కార్యక్రమం మొదలయ్యాక ఆ రెండో శబ్దమార్గం కూడా పోయింది. రాత్రి వేళ దేశమంతా హిందీ, ఇంగ్లీషులు వినవలసి వచ్చింది.

పేరు విషయంలో వచ్చిన గొడవ కూడా ఇందులో భాగమే. ఆకాశవాణి అన్నది 1935లో మైసూరులో ఎం.వి.గోపాలస్వామి అనే ఆచార్యుడు తన చిన్న రేడియో కేంద్రానికి వాడిన పేరు. దాన్ని 1950ల్లో దేశమంతటికీ తీసుకున్నారు. తత్సమాలతో పెరిగిన తెలుగు చెవికి ఆ మాట ఇంటిమాటే, మనకు దానితో పేచీ రాలేదు. తమిళులకు అది అలా వినపడలేదు. వారికి వానొలి అనే సొంత మాట ఉంది, వారి కేంద్రాలు దశాబ్దాలపాటు ఆకాశవాణి అనకుండానే నడిచాయి. 2023 మేలో, ఇక ఆల్ ఇండియా రేడియో అనకుండా ఆకాశవాణి అనే అనాలని ఉత్తర్వు వచ్చినప్పుడు తమిళనాడు నాయకులు అభ్యంతరం చెప్పారు. మనకు నచ్చిన పేరు గనుక పక్కవారి అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోవడం తెలుగువారికి తగదు. పేరు మంచిదా కాదా అన్నది ప్రశ్న కాదు, ఎవరి భాషలో పిలవాలో ఎవరు తేల్చాలన్నది ప్రశ్న.

ఆ ప్రశ్న మన ఇంట్లోనూ ఉంది. 1974 నుంచి ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు వస్తున్నాయి, ఉదయం 6.55కు ఆ గంభీరమైన గొంతు విని గడియారం సరిచేసుకున్న తెలుగువారిలో నేనూ ఒకణ్ణి, ఆ ఐదు నిమిషాలు ఎప్పటికీ ఉండాలని కోరుకుంటాను. కానీ 2011 జనగణనలో సంస్కృతం మాతృభాష అని చెప్పినవారు 24,821 మంది, గోండి అని చెప్పినవారు దాదాపు 29 లక్షల 84 వేలు. ఆదిలాబాద్ కేంద్రం గోండిలో కార్యక్రమాలు చేసింది. అయినా దేశ విశేషాలు గోండిలో రోజూ చెప్పే జాతీయ బులెటిన్ ఒకటి ఉండాలని ఎవరికీ తోచలేదు. ఇరవై మూడు భాషలు, నూట డెబ్బై తొమ్మిది మాండలికాలు అని ఆకాశవాణి తన గురించి చెప్పుకొనే లెక్కలో వారానికి కొన్ని నిమిషాల మాండలికం, రోజంతా మోగే భాష పక్కపక్కనే ఒక్కో అంకెగా నిలబడతాయి. తెలంగాణ పలుకుబడి ఏళ్ల తరబడి వార్తల్లో వినిపించకుండా, కార్మికుల, గ్రామస్థుల కార్యక్రమాల్లోని హాస్య సంభాషణలకే ఎక్కువగా పరిమితమైందన్న బాధ కూడా ఈ కోవలోదే. ఢిల్లీ మనతో చేసినదాన్ని మనం మనలోని వారితో చేశాం.

స్వయంప్రతిపత్తి కోసం జరిగిన ప్రయత్నాలు చాలానే ఉన్నాయి. 1966లో చందా కమిటీ, ఎమర్జెన్సీ అనుభవం తర్వాత 1978లో వర్గీస్ కమిటీ ఆ మాటే చెప్పాయి. ఆకాశవాణి, దూరదర్శన్‌లను ఒక స్వతంత్ర సంస్థ కిందికి తెచ్చే ప్రసార భారతి చట్టం 1990లో వచ్చినా అమలు కావడానికి 1997 దాకా పట్టింది. ఈ మధ్యలో, 1995 ఫిబ్రవరి 9న, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పులో విడిగా తన అభిప్రాయం రాసిన తెలుగు న్యాయమూర్తి బి.పి.జీవన్ రెడ్డి, ప్రసార మాధ్యమాలు ప్రభుత్వం చేతిలో కాక ప్రజల చేతిలో ఉండాలని స్పష్టంగా చెప్పారు. ప్రభుత్వం వేరు, ప్రజలు వేరు అన్న ఆ గీతను చట్టం అమలులో నిలబెట్టలేకపోయింది. నిధులకు నేటికీ ప్రధాన ఆధారం కేంద్ర ప్రభుత్వమే. వివిధ ప్రాంతాల సంస్కృతులకూ భాషలకూ తగినంత చోటు ఇవ్వాలని ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ అంటుంది. ఎంతైతే తగినంతో చెప్పే అధికారం ఏ భాష వారికీ లేదు.

ఇదంతా పాత ముచ్చట కదా, ఇప్పుడు రేడియో ఎవరు వింటున్నారని అడిగేవారికి ఒక్క విషయం గుర్తుచేయాలి. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు సొంతంగా వార్తలు తయారుచేసే అనుమతి నేటికీ లేదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్లను రిలే చేసుకోవాలి. అంటే ఈ దేశంలో ఎఫ్.ఎం. మీద తెలుగు వార్త వినాలంటే అది ఆకాశవాణి చెప్పినదే. గుత్తాధిపత్యం అంత గట్టిగా ఉన్నప్పుడు బాధ్యత కూడా అంతే ఉండాలి. పదవీ విరమణ చేసినవారి స్థానాలు ఖాళీగా ఉండి, స్టూడియోలు క్యాజువల్ అనౌన్సర్లతో నెట్టుకొస్తూ, చిన్న కేంద్రాలు పెద్ద కేంద్రాలను రిలే చేస్తూ పోతే ఆ బాధ్యత నెరవేరదు. పలు ప్రాంతీయ భాషల జాతీయ బులెటిన్లను ఇటీవలి సంవత్సరాల్లో ఢిల్లీ నుంచి రాష్ట్రాలకు తరలించారు. చదివే గది మారింది, రాసే గది మారాలి. విజయవాడలోనో హైదరాబాదులోనో కూర్చున్న తెలుగు సంపాదకుడు రోజుకు ఒక బులెటిన్‌నైనా దేశ, విదేశ విశేషాలతో సహా మొదటి వాక్యం నుంచి తెలుగులోనే రాయాలి. అందులో ఢిల్లీకి పనికొచ్చే వార్త ఉంటే, దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకునే పని ఢిల్లీ అనువాదకుడికి అప్పగించాలి.