మూడో పిన్నును విరగ్గొట్టమనే సందేశానికి జవాబు

కొన్ని వారాలుగా బంధువుల గ్రూపుల్లోనూ, అపార్టుమెంటు గ్రూపుల్లోనూ ఒకే సందేశం తిరుగుతోంది. అది చెప్పే మాటలు ఐదు. బ్రిటిష్‌వాళ్లు మన ప్రాణాలంటే లెక్కలేక 230 వోల్టులు అంటగట్టి పోయారట. అమెరికాలోలాగా 110 వోల్టులు పెట్టుకుంటే కరెంటు బిల్లు సగమవుతుందట. 110 వోల్టుల షాకుతో ఎవరూ చనిపోరట. అమెరికా, జపాన్ దేశాల్లో రెండు పిన్నులే ఉన్నాయి కనుక మూడో పిన్ను కంపెనీల మోసమట, సాకెట్‌లో పట్టకపోతే దాన్ని విరగ్గొట్టి వాడుకోవచ్చట. అమెరికా నుంచి తెచ్చిన వస్తువులు చిన్న అడాప్టరు పెడితే ఇక్కడ పనిచేస్తాయట. ఇంజనీరింగ్ చదివినవారు కూడా దీన్ని ఇతరులకు పంపుతున్నారు కాబట్టి జవాబు రాయవలసి వస్తోంది.

మొదటి మాటకు ఎక్కువ చెప్పనవసరం లేదు. బ్రిటన్ ఇళ్లలో కూడా ఉన్నది 230 వోల్టులే. అమెరికాలో తక్కువ వోల్టేజి ఉండడానికి కారణం చరిత్ర. 1882లో న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి ఎడిసన్ సరఫరా మొదలుపెట్టినప్పుడు, ఆనాటి కార్బన్ ఫిలమెంటు బల్బులకు తగినట్టుగా 110 వోల్టుల ప్రాంతంలో విద్యుత్తును ఇచ్చాడు. బెర్లిన్ నగరం 1899లో 220కి మారింది, ఎందుకంటే వోల్టేజి రెట్టింపయితే అదే పనికి సగం ప్రవాహం చాలు, తీగల్లో రాగి ఆదా అవుతుంది. అమెరికా ఆ మార్పు గురించి ఆలోచించేనాటికి అక్కడి లక్షల ఇళ్లు పాత వోల్టేజి సామాన్లతో నిండిపోయాయి. దక్షిణ కొరియా మాత్రం 110ని వదిలి 220కి మారాలని 1973లో పని మొదలుపెట్టి 2005లో పూర్తి చేసింది. 110 అంత గొప్పదైతే, ఒక దేశం దాన్ని వదిలించుకోవడానికి ముప్పై ఏళ్లకు పైగా ఎందుకు శ్రమిస్తుంది? పైగా ఇప్పుడు అమెరికా ప్రమాణం 110 కాదు, 120. ఇంటికి వచ్చే సరఫరా 240 వోల్టులు, దాన్ని మధ్యలో విడదీసి మామూలు సాకెట్లకు 120 ఇస్తారు. బట్టలు ఆరబెట్టే యంత్రం, విద్యుత్ పొయ్యి, పెద్ద ఏసీ 240 మీదే నడుస్తాయి.

బిల్లు సంగతి ఇంకా తేలిక. మీటరు లెక్కపెట్టేది కిలోవాట్ గంటలను. వెయ్యి వాట్ల హీటరు గంటసేపు పనిచేస్తే ఏ వోల్టేజి మీదైనా ఒక్క యూనిట్టే. నిజానికి వోల్టేజి సగమై అదే తీగలో రెట్టింపు ప్రవాహం పోతే ఆ తీగ వేడెక్కి వృథా అయ్యే శక్తి నాలుగింతలవుతుంది.

మూడో మాటలో ఒక నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. తక్కువ వోల్టేజి తగిలితే ఒంట్లోంచి పారే విద్యుత్తు తక్కువ, కాబట్టి 120 వోల్టుల షాకు 230 కంటే తక్కువ ప్రమాదకరం. ఈ సంగతి బ్రిటిష్‌వాళ్లకూ తెలుసు. ఇళ్లలో 230 వాడుతూనే, భవన నిర్మాణ స్థలాల్లో చేతి పనిముట్లకు ట్రాన్స్‌ఫార్మరు పెట్టి 110 ఇస్తారు. దాని మధ్య బిందువును ఎర్త్ చేస్తారు, అంటే భూమికి కలుపుతారు కనుక ఏ తీగకైనా భూమికీ మధ్య 55 వోల్టులే ఉంటాయి. సందేశం రాసినవారు ఇంతవరకు చెప్పి ఆగి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు. కానీ తడి చేతులతో, తడి కాళ్లతో ఉన్న మనిషి నిరోధం సుమారు 1,000 ఓంలు అనుకుంటే, 120 వోల్టుల దగ్గర 120 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతాయి. గుండె లయ తప్పడానికి అది చాలు. అమెరికన్లకు ఇది తెలుసు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన చార్లెస్ డాల్జీల్ 1960 దశకం తొలినాళ్లలో, సుమారు ఐదు మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే సరఫరాను తెంచే పరికరాన్ని రూపొందించాడు. 1975 నాటికి అక్కడి నియమావళి కొత్త ఇళ్ల స్నానాల గదుల్లో ఆ రక్షణను తప్పనిసరి చేసింది. 120 వోల్టులతో ఎవరూ చనిపోకపోతే ఆ నియమం ఎందుకు?

నాలుగో మాటను చివరికి ఉంచి ఐదోది చూద్దాం. అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. 120 వోల్టుల రైస్ కుక్కరును ఇక్కడి సాకెట్‌లో పెడితే హీటరు మూడున్నర రెట్లకు మించి శక్తిని లాగి కాలిపోతుంది. ఇక్కడి మిక్సీని డాలస్‌కో న్యూజెర్సీకో తీసుకెళ్లినవారికి దీనికి వ్యతిరేకమైన అనుభవం తెలుసు: అక్కడ అది పిండి రుబ్బలేక మూలుగుతుంది, వోల్టేజిని పెంచే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మరు కొనవలసి వస్తుంది. ఫోన్ చార్జర్ల మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది కాబట్టి వాటికి ఈ బాధ లేదు. కొనే ముందు వస్తువు వెనక ముద్రించినది చదివితే చాలు.

నాలుగో మాట కోసమే ఇదంతా రాస్తున్నాను, ఎందుకంటే అన్నింటికంటే దీనివల్లే మనిషి పోయే ప్రమాదం ఎక్కువ.

ఇంట్లో గీజరు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇస్త్రీపెట్టె వంటి ఇనుప ఒళ్లున్న వస్తువుల లోపల ఇన్సులేషన్ ఎప్పుడో ఒకప్పుడు చెడుతుంది, విద్యుత్తును తెచ్చే ఫేజు తీగ ఆ ఒంటికి తగులుతుంది. మూడో పిన్ను ద్వారా ఎర్త్ తీగ కలిసి ఉంటే విద్యుత్తు ఆ దారిలో ఒక్కసారిగా పెద్ద మొత్తంలో పారి ఫ్యూజు ఎగిరిపోతుంది, లేదా బోర్డులో దానంతటదే సరఫరాను తెంచే స్విచ్చు, ఎంసీబీ, పడిపోతుంది. పిన్ను విరిగి ఉంటే ఏదీ పడదు. వస్తువు పనిచేస్తూనే ఉంటుంది, దాని ఒళ్లంతా 230 వోల్టులు నిలిచి ఉంటాయి, తడి నేల మీద నిలబడి ముట్టుకున్న మొదటి మనిషి ఆ ఎర్త్ తీగ అవుతాడు. ఆ పిన్నును మిగిలిన రెండింటికంటే పొడవుగా, లావుగా చేసిందే అది ముందు కలిసి చివర విడిపోవాలని. దాన్ని మోసమనడం బాధ్యత లేని మాట.

జపాన్ ఉదాహరణ కూడా తప్పే. అక్కడ 100 వోల్టులు, గోడకు రెండు చీలికలు, నిజమే. కానీ ఫ్రిజ్‌కూ, వాషింగ్ మెషిన్‌కూ విడిగా ఒక ఆకుపచ్చ తీగ వస్తుంది, సాకెట్ కింద ఉండే ఎర్త్ స్క్రూకు దాన్ని బిగించుకోవాలి. వాళ్ల మూడో పిన్ను ఆ తీగే. అమెరికాలో 1960ల నుంచి కొత్త ఇళ్ల సాకెట్లన్నింటికీ ఎర్త్ రంధ్రం ఉంటోంది. రెండు పిన్నులు చాలే వస్తువులు ఉన్నాయి, రెండు పొరల ఇన్సులేషన్‌తో చేసినవి. వాటి మీద ఒక చతురస్రం లోపల మరో చతురస్రం గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేని వస్తువు మూడో పిన్నును ముట్టుకోవద్దు. రెండు పిన్నుల ప్లగ్గు ఎక్కడం లేదని ఎర్త్ రంధ్రంలో పుల్ల గుచ్చే అలవాటును కూడా మానుకోవాలి.

ఇంతకంటే భయంకరమైనది మన ఊళ్లలో కొందరు చేసే పని: ఎర్త్ గుంట తవ్వడం ఖర్చని సాకెట్ వెనక న్యూట్రల్‌ను, అంటే విద్యుత్తు తిరిగి వెళ్లే తీగను, ఎర్త్‌కు కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున ఆ ఇంట్లో ప్రతి ఇనుప వస్తువూ ఫేజు మీద ఉంటుంది. గుంటలో బొగ్గు, ఉప్పు వేసి పైపు దింపి, ఎండాకాలంలో దానికి నీళ్లు పోయించడం తప్పించుకోదగిన ఖర్చు కాదు. ఇంటి లోపలి వైరు ఇనుప దండేనికి తగిలే చోట ఎర్త్ తీగ ఉండదు. అక్కడ కాపాడగలిగేది 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే సరఫరాను తెంచేసే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు ఒక్కటే. మీ బోర్డులో అది ఉంటే, ‘టి’ అనే అక్షరం ఉన్న చిన్న మీట నొక్కి చూడండి. వెంటనే పడిపోకపోతే ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. అసలు అది లేకపోతే ముందు పెట్టించండి.