సంచి ఉంది సరే, గింజ ఆరేదాకా ఆగేదెలా?

ఆఫ్రికాలో పండిన పంటలో మూడో వంతు నోట్లోకి వెళ్లకముందే పాడైపోతోందని ఎక్కడ చూసినా రాసేస్తుంటారు. ఈ లెక్క ఎక్కడిదా అని వెనక్కి వెళ్తే 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ ప్రపంచం మొత్తానికి, కూరగాయలు పాలు చేపలు అన్నీ కలిపి, చేను నుంచి కంచం దాకా వేసిన అంచనా తేలుతుంది, దాన్ని పట్టుకొచ్చి మలావీ మొక్కజొన్న నెత్తిన పెట్టేశారు. అదే ఏడాది వరల్డ్ బ్యాంక్ సహారాకి దిగువనున్న దేశాల్లో ఒక్క ధాన్యం నష్టమే లెక్కేస్తే ఏడాదికి సుమారు 400 కోట్ల డాలర్లు వచ్చింది, అదేం తక్కువ కాదు. తర్వాత ఉగాండా, టాంజానియా, మలావీల్లో సర్వేవాళ్లు నేరుగా రైతునే అడిగారు, మీ ఇంట్లో మొక్కజొన్న ఎంత పోయిందయ్యా అని. వచ్చిన జవాబులన్నీ కలిపితే మొత్తం పంటలో 1.4 నుంచి 5.9 శాతం మధ్యే, అది కూడా అయిదో వంతు లోపు ఇళ్లలోనే.

అయితే గొడవేం లేదా అంటే నాకలా అనిపించట్లేదు. పురుగు పడుతుందన్న భయంతో, చేతిలో డబ్బుల్లేక, కోసిన నెలలోనే చవగ్గా అమ్మేసిన బస్తా ఉంది చూశారూ, అది "పాడైన పంట" ఖాతాలోకి రానే రాదు. పురుగుకి దొరక్కుండా దళారీకి దొరికింది, అంతే తేడా. అదే రైతు నాలుగైదు నెలలాగి అదే మొక్కజొన్న ఎక్కువ రేటుకి కొనుక్కుంటాడు తినడానికి.

భయం ఊరికే పుట్టింది కాదులెండి. టాంజానియాలో దుముజి అనే పురుగుంది, సెంట్రల్ అమెరికాది, 1970ల చివర్లో టాంజానియాలో దిగింది, 80ల మొదట్లో పశ్చిమాఫ్రికాలోని టోగోలోనూ తేలింది. మన ముక్క పురుగు దీని ముందు సాధువు. దుముజి పొత్తుని పొత్తులాగే ఉంచి లోపల పిండి చేసేస్తుంది, ముట్టుకుంటే పొడి రాలుతుంది, చెక్కని కూడా తొలుస్తుంది కాబట్టి గాదె కర్రలక్కూడా గ్యారంటీ లేదు.

మందు లేదా అంటే ఉంది, నిజానికి మందులేని మందు. 1980ల చివర్లో కామెరూన్‌లో అమెరికా పర్డ్యూ యూనివర్సిటీ ల్యారీ మర్డాక్ టీమ్ బొబ్బర్ల పురుగు మీద పని చేస్తూ తయారుచేసిన పిక్స్ సంచి. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు, పైన మామూలు అల్లిక సంచి, ఒక్కోటి విడివిడిగా మెలిపెట్టి బిగించి కట్టాలి. లోపలున్న ఆక్సిజన్‌ని పురుగులే వాడేసుకుంటాయి, తర్వాత ఊపిరాడక చచ్చిపోతాయనుకుంటాం కానీ ఆక్సిజన్ లేకపోతే వాటి ఒంట్లో నీరు తయారవ్వదు, ఎండిపోయి చస్తాయి. అక్కడ అంతకుముందు బొబ్బర్లని బూడిదలో కలిపి దాచేవాళ్లట, చదివితే మా నానమ్మ గుర్తొచ్చింది, కచ్చిక బూడిద పట్టించి కుండలో పోసి పైన వేపాకు కప్పేది. సంచి ఖరీదు రెండు మూడు డాలర్లు, పురుగుమందు అక్కర్లేదు, మూడు పంటలకైనా పనికొస్తుంది.

కానీ తడి గింజ పోసి కట్టారో, ఆ తడి బయటికి పోయే దారి కూడా ఉండదు. మొక్కజొన్నలో తేమ 13.5 శాతానికి దిగాలి, ఉగాండా లాంటిచోట ఏడాదికి రెండు వానాకాలాలు, కోత రోజుల్లోనే మబ్బేస్తే ఎక్కడ ఆరబెడతారు? రోడ్డు మీద, లేదంటే ఇంటిముందు మట్టి నేల మీద. మన దగ్గర కొనుగోలు సెంటర్లో తేమ 17 శాతం దాటిందని వడ్లు వెనక్కి పంపితే రైతు రోడ్డెక్కుతాడు, అక్కడ చాలామందికి తేమ కొలిచే మీటర్ కూడా లేదు. అందుకని ఒక చిట్కా నేర్పుతుంటారు, పొడి సీసాలో గుప్పెడు గింజలు, చిటికెడు పొడి ఉప్పు వేసి బాగా ఊపి కాసేపు ఆగితే ఉప్పు గాజుకి అంటుకుందంటే తేమ 15 శాతం పైనే, ఇంకా ఎండాలి.

ఎండకపోతే ఏమవుతుందో కెన్యా చూసింది. 2004లో తూర్పు జిల్లాల్లో, మకువేని, కిటుయి వైపు, తడిమీదే ఇంట్లో దాచుకున్న మొక్కజొన్నకి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం చేరింది, 317 మంది జబ్బుపడ్డారు, 125 మంది పోయారు. ఆ గింజలు నష్టాన్ని కిలోల్లో వేసే లెక్కలోకి రాలేదు, తిన్నారు కాబట్టి. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు వేరుశనగలో ఈ విషం పట్టుకునే చవక టెస్ట్ తయారుచేసి మలావీలో వాడించడం ఇందుకే.

కర్రపెండలానికైతే ఈ సంచి కథే వర్తించదు, తవ్విన రెండు మూడు రోజుల్లో నల్లబడుతుంది, కాబట్టి భూమిలో వదిలేయడమే దానికి గోడౌన్.

2014లో ఈక్వటోరియల్ గినీలోని మలాబోలో ఆఫ్రికా నాయకులు 2025కల్లా పంటకోత తర్వాత నష్టాన్ని సగానికి తగ్గిస్తామన్నారు, 2025 జనవరిలో ఉగాండా రాజధాని కంపాలాలో కూర్చుని మళ్లీ 50 శాతమే అన్నారు, ఈసారి గడువు 2035. గడువు మారిందిగానీ కొలబద్ద మారలేదు, ఇప్పటికీ కిలోలే.

నా ఉద్దేశంలో సంచులు పంచడం కన్నా కోతప్పుడు చేతికి డబ్బు అందడం ముఖ్యం. నైజర్‌లో 90ల చివర్నుంచి వారంటేజ్ అనే పద్ధతి నడుస్తోంది, ఊళ్లో చిన్న గోడౌన్, దానికి రెండు తాళాలు, ఒకటి రైతు సంఘం దగ్గర, ఇంకోటి అప్పిచ్చిన సంస్థ దగ్గర, ఒక్కరే వెళ్లి తీయలేరు. బస్తాలు తాకట్టు, వాటి మీద అప్పు, రేటొచ్చాక అమ్ముకుని తీర్చేయడం. కెన్యా పశ్చిమాన కూడా కోత సీజన్‌లో చిన్న అప్పులిచ్చి చూశారు, రైతులు గింజలు ఆపుకుని ఆలస్యంగా అమ్మితే ఆ అప్పు మీద 29 శాతం రాబడి తేలింది. అంతకన్నా నాకు నచ్చిందేంటంటే, ఎక్కువమందికి అప్పు దొరికిన ఊళ్ల చుట్టుపక్కల మార్కెట్లో కోతప్పటి రేటు మరీ పడిపోలేదు, తర్వాత మరీ ఎగరలేదు, అంటే అప్పు తీసుకోని పక్కింటివాళ్లకి కూడా ఆ కరువు నెలల్లో మొక్కజొన్న కాస్త చవగ్గా దొరికింది.