ప్లాట్‌ఫామ్ మారినా ఎల్లమ్మ ఎల్లమ్మగానే ఉండాలి

హిందూపురం, మదనపల్లె, కదిరి, అనంతపురం వైపు నుంచి బెంగళూరు ఆస్పత్రులకు వచ్చేవాళ్ల చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పాత ఓపీ చీటీలు, ఎక్స్‌రే ఫిల్ములు, అక్షరాలు వెలిసిపోయిన ల్యాబ్ రిపోర్టులు. ఆ కవరు ఇంట్లో మర్చిపోయి వచ్చినా డాక్టరుకు పాత వివరాలు కనపడాలి. హెల్త్ ఇన్ఫర్మేషన్ ఎక్స్చేంజ్ ఉన్నది అందుకే. ఒక ప్రాంతంలోని ఆస్పత్రులు, ల్యాబులు, క్లినిక్కులు తమ రికార్డులను ఒకరికొకరు అందించుకునే కూడలి అది. ఆ కూడలిని నడిపే సాఫ్ట్‌వేర్ ఎప్పుడో ఒకప్పుడు పాతబడుతుంది. కంపెనీ సపోర్ట్ ఆపేస్తుంది. దేశమంతటా ఆరోగ్య రికార్డులను కలిపే కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో కలవాలంటే రికార్డులు ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే ఉమ్మడి పద్ధతిలో ఇవ్వాలి, పాతదానికి అది చేతకాదు. కొత్త ప్లాట్‌ఫామ్‌కు మారక తప్పదు.

ఈ మార్పుకు టెండరు రాసేటప్పుడు సర్వర్లు, క్లౌడ్, సెక్యూరిటీ, స్క్రీన్ల గురించి పేజీలు నిండుతాయి. పేషెంటు ఎవరో గుర్తుపట్టే మాస్టర్ పేషెంట్ ఇండెక్స్‌ను మాత్రం ఒక పేరాతో సరిపెడతారు. ప్రమాదమంతా అక్కడే ఉంది. ‘ఈ రెండు రికార్డులూ ఒకరివే’, ‘ఈ ఇద్దరూ వేర్వేరు’ అని మెడికల్ రికార్డ్స్ విభాగం వాళ్లు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా తేల్చిన నిర్ణయాలే ఎక్స్చేంజ్‌కు అసలు ఆస్తి. అవి ఉన్నవి ఉన్నట్టు కొత్త చోటికి చేరకపోతే, మిగతాదంతా ఎంత బాగా నడిచినా ఆ మార్పు వల్ల పేషెంటుకు కీడే జరుగుతుంది.

బెంగళూరులో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఇక్కడి కౌంటర్లలో తెలుగు, కన్నడ, తమిళ, ఉర్దూ పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి ఎక్కాలి. ఎవరికి ఎలా వినిపిస్తే అలా టైపు చేస్తారు. ఎల్లమ్మ పేరు ఒక ఆస్పత్రిలో ‘ఇ’తో మొదలవుతుంది, ఇంకో ఆస్పత్రిలో ‘వై’తో. ఓబులేసు ఒకచోట ‘ఓ’, మరోచోట ‘వీ’. పేర్లు పోల్చడానికి ఇప్పటికీ వాడుకలో ఉన్న సౌండెక్స్ పద్ధతికి 1918లో అమెరికాలో పేటెంటు వచ్చింది. అది మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, తర్వాతి హల్లులను అంకెలుగా మారుస్తుంది. దాని లెక్కలో ఒక ఎల్లమ్మ ఇ450, రెండో ఎల్లమ్మ వై450. అంకెలు కలిసినా మొదటి అక్షరం కలవలేదు. ఆ కోడ్ ప్రకారం గుంపులు కట్టే ప్లాట్‌ఫామ్ ఆ రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టి చూడనే చూడదు.

ఇంటిపేరు సంగతి ఇంకా తిరకాసు. మనం ముందు రాస్తాం: కె. వెంకటలక్ష్మమ్మ. బెంగళూరులో తండ్రి పేరో ఊరి పేరో పొడి అక్షరంగా వెనక రాయడం మామూలు. ఇక్కడ కొన్నేళ్లు ఉన్నాక అదే మనిషి వెంకటలక్ష్మమ్మ కె అవుతుంది. ఆరోగ్యశ్రీని 2019లో బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఆస్పత్రులకు విస్తరించాక ఆ కార్డులోని స్పెల్లింగు కూడా వచ్చి చేరింది, ఆధార్‌లో ఉన్నదానికి అది కలవాలనేం లేదు. ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి హెచ్‌ఎల్7. ఆ మెసేజ్‌లో పేరు పీఐడీ-5 అనే భాగంలో వస్తుంది. అందులో మొదటి గడి ఇంటిపేరుది. ఒక ఆస్పత్రి అందులో ‘కె’ ఒక్కటే పంపుతుంది. ఇంకొకటి పేరు మొత్తాన్నీ ఆ గడిలోనే నింపి రెండోది ఖాళీగా వదిలేస్తుంది. రెండు రికార్డులు ఒకరివేనా అని లెక్కగట్టేటప్పుడు ఇంటిపేరు కలిస్తే ఎక్కువ మార్కులు వేసే పద్ధతి ఇక్కడ దారి తప్పుతుంది. ‘కె’కు ‘కె’ కలవడం పెద్ద విశేషమేమీ కాదు మరి.

ఇక పుట్టినరోజు. కౌంటర్లో జరిగేది ఇది.

‘వయసెంత ఉంటుందమ్మా?’

‘అరవయ్యో, అరవై రెండో... రాసుకో నాయనా.’

అరవై అని కొట్టగానే కంప్యూటర్ వెనక్కి లెక్కగట్టి జనవరి 1 వేసేస్తుంది. రెండేళ్ల తర్వాత ఇంకో ఆస్పత్రిలోనూ ఆమె అరవై అనే చెబుతుంది. పుట్టిన సంవత్సరం రెండేళ్లు జరిగిపోతుంది. ఆధార్‌లో సంవత్సరం ఒక్కటే ఉన్న పెద్దవాళ్లూ చాలామంది. ఫోన్ నంబరు కొడుకుదో మనవడిదో. ఒకే నంబరు మీద ఇంటిల్లిపాదీ నమోదవుతారు.

ఏ వివరానికి ఎన్ని మార్కులన్న లెక్కకు ఐవన్ ఫెలెగి, అలన్ సంటర్ అనే గణాంక నిపుణులు 1969లోనే పునాది వేశారు. నిజంగా ఒకే మనిషివైన రికార్డుల్లో ఆ వివరం ఎంత తరచుగా కలుస్తుంది, వేర్వేరు మనుషుల్లో యాదృచ్ఛికంగా ఎంత తరచుగా కలుస్తుంది అన్న నిష్పత్తి మీదే మార్కులు ఆధారపడతాయి. అంటే వేరే దేశపు డేటా మీద కుదిర్చిన మార్కులు ఇక్కడ పనికిరావు. జనవరి 1 కలిస్తే దాదాపు సున్నా ఇవ్వాలి. ఫోన్ నంబరు కలిస్తే ఒకే ఇల్లని మాత్రమే అనుకోవాలి. ఊరు, భర్త లేదా తండ్రి పేరు, ఆడా మగా, వయసు ఐదేళ్ల అటూ ఇటూ కలిపి చూస్తే అప్పుడు కాస్త నమ్మొచ్చు.

‘ఆభా నంబరు ఉందిగా, ఈ తంటా ఎందుకు’ అనేవాళ్లున్నారు. డిజిటల్ మిషన్ కింద ఒక్కో మనిషికి ఇచ్చే 14 అంకెల ఆ ఆరోగ్య నంబరు మేలైన ఏర్పాటే, అందరికీ చేరితే బాగుంటుంది. కానీ అది స్వచ్ఛందం. పైగా డిజిటల్ మిషన్ దేశమంతా మొదలైంది 2021 సెప్టెంబరు 27న. అంతకుముందు కుప్పపడిన రికార్డుల మీద ఆ నంబరు లేదు, మార్చాల్సిన డేటాలో పెద్ద భాగం అదే.

కొత్త వెండర్ సాధారణంగా చెప్పే మాట: ‘పేర్లు, తేదీలు, నంబర్లు ఇవ్వండి చాలు, మా ఇంజిన్ మొదటి నుంచి మ్యాచ్ చేసుకుంటుంది.’ దీనికి ఒప్పుకోకూడదు. రికార్డ్స్ విభాగంలో ఒక మనిషి రెండు ఫైళ్లు ముందేసుకుని, ఇంటికి ఫోన్ చేసి, పాత ఆపరేషన్ ఏ వైపు జరిగిందో చూసి, ‘వీళ్లిద్దరూ కవలలు, వేర్వేరు’ అని తేల్చి ఉంటారు. ఆ కారణం పేర్లలో, తేదీల్లో ఉండదు. ఇంటిపేరు, పుట్టినరోజు, ఫోన్, చిరునామా అన్నీ ఒకటే కాబట్టి కొత్త ఇంజిన్ మొదటి రాత్రే వాళ్లిద్దర్నీ మళ్లీ కలిపేస్తుంది. ఒకరి పెన్సిలిన్ అలర్జీ ఇంకొకరి పేజీలోకి పోతుంది. కలిసిపోయిన ఆ ఒక్క పేజీలో ఇద్దరి మందులూ కనిపిస్తాయి. ఒకే మనిషికి రెండు రికార్డులుంటే డాక్టరుకు సమాచారం తక్కువ అందుతుంది. ఇద్దరు మనుషులు ఒకే రికార్డులో పడితే తప్పుడు సమాచారం అందుతుంది. రెండోది ఎన్నో రెట్లు ప్రమాదం.

అందుకే పాత ప్లాట్‌ఫామ్ నుంచి మూడు పట్టికలు విడిగా తీసుకోవాలి: కలిపిన జంటలు, విడదీసిన జంటలు, ఎవరు ఎప్పుడు ఎందుకు చేశారన్న నోట్. కొత్తదాంట్లో ఇవి ‘మనిషి నిర్ణయం’ అన్న తాళంతో ఎక్కాలి, ఇంజిన్ వాటిని తిరగరాయకూడదు. పాత వెండర్‌తో ఒప్పందం ముగిసేలోపే ఇవి చేతికి రావాలి. చాలా ఒప్పందాల్లో ‘పేషెంట్ డేటా ఇస్తాం’ అని ఉంటుంది, లింకుల పట్టిక ఆ మాట కిందికి వస్తుందా రాదా అన్న వాదన చివరి నెలలో మొదలవుతుంది. హెచ్‌ఎల్7 మెసేజ్‌లో పేషెంటు నంబరు వచ్చే భాగం పీఐడీ-3. ఏ ఆస్పత్రి ఇచ్చిన నంబరో చెప్పే గుర్తు అందులో ఖాళీగా ఉంటే, రెండు ఆస్పత్రుల 104523 నంబరు పేషెంట్లు ఒక్కరైపోతారు. ఒక్కో ఆస్పత్రి, ల్యాబ్ నుంచి వచ్చే మెసేజ్‌ల వరుసలో, అంటే ఫీడ్ ఫీడ్‌కూ, ఇది ముందే సరిచూడాలి.

డేటా ఎక్కించే వరుస కూడా ముఖ్యం. ముందు పేషెంట్లు, తర్వాత లింకులు, ఆ తర్వాత విజిట్లు, చివర్లో రిపోర్టులు. తారుమారైతే రిపోర్టులు ఎవరివో తెలియకుండా మిగిలిపోతాయి. 3 కోట్ల మెసేజ్‌లు ఉన్నాయనుకుందాం, సెకనుకు 50 చొప్పున ఎక్కినా ఏడు రోజులు ఏకధాటిగా నడవాలి. ఒక్కసారి మధ్యలో ఆగి మొదటి నుంచి పెట్టాల్సి వస్తే రెండు వారాల దాకా పట్టొచ్చు. ఆ రోజుల్లో అలర్టులు ఆపేసి ఉంచాలి. లేదంటే ఎప్పుడో డిశ్చార్జి అయిన పేషెంట్ల గురించి డాక్టర్ల ఫోన్లకు వేల మెసేజ్‌లు వెళ్తాయి, ఆ తర్వాత వచ్చే నిజమైన అలర్టును ఎవరూ చూడరు.

ల్యాబ్ ఫీడ్లలో మన దగ్గర ముందుగా చూడాల్సింది ప్లేట్‌లెట్లు. ఒక ల్యాబ్ ‘1.5’ అని రాసి యూనిట్ గడిలో లక్షలు అంటుంది. ఇంకొకటి ‘150’ రాసి వేలు అంటుంది. మూడోది ‘150000’ అని మొత్తం రాస్తుంది. మూడూ ఒకటే. పాత ప్లాట్‌ఫామ్‌లో ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన చిన్న నియమం వాటిని ఒకే లెక్కలోకి తెచ్చేది, అది ఏ కాగితం మీదా ఉండదు. కొత్త ప్లాట్‌ఫామ్ యూసీయూఎం అనే ఉమ్మడి కొలతల పద్ధతి ప్రకారం యూనిట్లు తీసుకుంటుంది. అందులో ‘లక్షలు’ అన్న మాట లేదు. యూనిట్ జారిపోయి 1.5 ఒక్కటే మిగిలితే, డెంగీ రోజుల్లో ఆ గ్రాఫ్ చూసే డ్యూటీ డాక్టరు ఏమనుకోవాలి? పరీక్షల పేర్లకు ఉమ్మడి కోడ్లు కావాలన్న అవసరంతోనే 1994లో ఇండియానాపొలిస్‌లోని రీగెన్‌స్ట్రీఫ్ సంస్థ లోయింక్ మొదలుపెట్టింది. ప్రతి ల్యాబ్ సొంత కోడునూ లోయింక్‌కు కలిపే పట్టికను ల్యాబ్ డాక్టరు చేత సంతకం పెట్టించుకోవాలి, సాఫ్ట్‌వేర్ వాళ్ల చేత కాదు. పరగడుపు షుగర్ 1558-6, మామూలు షుగర్ 2345-7. వీటిని కలిపేస్తే షుగర్ పేషెంటు గ్రాఫుకు అర్థం ఉండదు.

జాగ్రత్త పడాల్సిన ఇంకో చోటు సరిదిద్దిన రిపోర్టులు. ల్యాబ్ ముందు పొటాషియం 6.8 అని తుది రిపోర్టు పంపి, శాంపిల్ పాడైందని గుర్తించి మళ్లీ చేసి 4.4 పంపుతుంది. రెండో మెసేజ్‌లో, ఫలితం స్థితి చెప్పే ఓబీఎక్స్-11 గడిలో ‘సి’ ఉంటుంది. అంటే పాతదాన్ని తీసేసి ఇది పెట్టమని. కొత్త ప్లాట్‌ఫామ్ దాన్ని అదనపు రిపోర్టుగా చేర్చుకుంటే స్క్రీన్ మీద రెండూ నిలుస్తాయి. టైము విషయమూ అంతే: హెచ్‌ఎల్7లో టైమ్ జోన్ రాయకుండా వచ్చిన రాత్రి 8 గంటలను యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటే అది మన టైములో మర్నాడు వేకువ 1:30 అవుతుంది. పాత రికార్డుల్లో కన్నడ ‘నుడి’, తెలుగు ‘అను’ లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన చిరునామాలుంటే వాటిని ఎక్కించే ముందే యూనికోడ్‌లోకి మార్చాలి. ఒక్కసారి ప్రశ్న గుర్తులైపోయాయంటే ఇక వెనక్కి రావు.

డిజిటల్ మిషన్ వైపు ఒక లోపం ఆలస్యంగా బయటపడుతుంది. ఆ వ్యవస్థలో రికార్డు ఆస్పత్రి దగ్గరే ఉంటుంది. పేషెంటు ఆభాకు కలిపేది ఒక్కో విజిట్‌ను సూచించే కేర్ కాంటెక్స్ట్ నంబరు మాత్రమే. కొత్త ప్లాట్‌ఫామ్ విజిట్లకు కొత్త నంబర్లు వేస్తే, పేషెంటు ఫోన్‌లో పాత విజిట్ల జాబితా కనిపిస్తూనే ఉంటుంది, తెరిస్తే ఏమీ రాదు. అనుమతి ఇచ్చినా రాదు. పాత నంబరును కొత్తదానికి కలిపే పట్టికను శాశ్వతంగా ఉంచుకోవడం తప్ప దీనికి దారి లేదు.

రెండు ప్లాట్‌ఫామ్‌లనూ కనీసం ఆరు వారాలు పక్కపక్కన నడపాలి. ఒకే ఫీడ్ రెండింటికీ వెళ్లాలి, ఆస్పత్రి వారీగా, రోజు వారీగా, మెసేజ్ రకం వారీగా లెక్కలు సరిపోల్చాలి. లెక్కలు సరిపోయినంత మాత్రాన చాలదు. ఎంచి ఎంచి రికార్డులు తెరిచి చూడాలి: కవలలు, పేరు పెట్టకముందు ‘బేబీ ఆఫ్ లక్ష్మి’గా నమోదైన పసివాళ్లు, వారానికి మూడుసార్లు వచ్చే డయాలసిస్ పేషెంట్లు, కలిపి మళ్లీ విడదీసినవాళ్లు. ఆస్పత్రులను ఒక్కసారిగా కాకుండా నాలుగైదు విడతల్లో మార్చాలి, ఓపీ కిటకిటలాడే సోమవారం జోలికి పోకూడదు. వెనక్కి రావాల్సి వస్తే, కొత్తదాంట్లోకి అప్పటికే చేరిన మెసేజ్‌లను పాతదాంట్లోకి తిరిగి పంపే ఏర్పాటు ముందే పరీక్షించి ఉండాలి. అది లేకుండా ‘రోల్‌బ్యాక్ ప్లాన్ ఉంది’ అంటే నమ్మకూడదు.

ఇన్ని చేసినా, మనిషి చూసి తేల్చాల్సిన అనుమానపు జంటలు మిగులుతాయి. 20 వేల జంటలు మిగిలాయనుకుంటే, జంటకు ఆరు నిమిషాలు, రోజుకు ఆరు గంటల లెక్కన ఒక్కరికి 333 పనిరోజులు. నలుగురైతే నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల జీతాలు టెండరు మొత్తంలో చిన్న భాగమే, అయినా బడ్జెట్ బిగించేటప్పుడు ముందుగా కోసేది దాన్నే. ఆ నలుగురిలో ఒకరికైనా తెలుగు బాగా రావాలి. ‘అమ్మా, మీది మడకశిర పక్కన పల్లెనా, హిందూపురమేనా? మీ ఆయన పేరు నరసింహులా, నరసింహప్పా?’ అని ఫోన్లో అడిగి, అవతలి నుంచి వచ్చే జవాబును సరిగ్గా విని రాసుకోవాల్సిన పని అది.